గాలికి తీగ వద్దు, లోతుకు తీగ కావాలి: 34 అడుగుల తెరచాప పడవ కేస్ స్టడీ

"ఒక్క తీగ కూడా వద్దండి. మాస్ట్ మీదదీ వైర్‌లెస్సే, అడుగుదీ వైర్‌లెస్సే. ఆ తీగలతో పదేళ్లు పడ్డాం, ఇక చాలు."

పడవ యజమాని ఫోన్‌లో మొట్టమొదట అన్న మాట ఇది. మాస్ట్ అంటే తెరచాపలను నిలబెట్టే స్తంభం. దాని కొన మీద గాలి సెన్సర్, పడవ అడుగున లోతు సెన్సర్ ఉంటాయి. తెరచాప పడవల మీద గాలి, లోతు, వేగం చూపే పరికరాలు అమర్చడం నా పని. ఈ మధ్య నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఇదే మాటతో మొదలుపెడుతున్నారు. ఈయన కోరినదాంట్లో సగం చేశాం, సగం చేయలేదు. చేయని సగం ఎందుకు చేయలేదో, చేసిన సగంలో నేను ఎక్కడ పొరపడ్డానో రాసిపెడితే ఇలాంటి ఎంపిక ముందున్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

పడవ, దాన్ని నడిపేవాళ్లు

ఫైబర్‌గ్లాస్ స్లూప్, అంటే ఒకే మాస్ట్ ఉన్న తెరచాప పడవ. పొడవు 34 అడుగులు. అల్యూమినియం మాస్ట్ డెక్ (పడవ పైతలం) గుండా లోపలికి దిగి కీల్ (పడవ అడుగున కిందికి ఉండే బరువైన రెక్క) మీద నిలబడుతుంది. నీటి మట్టం నుంచి మాస్ట్ కొనకు దాదాపు 15 మీటర్లు. కీల్ అడుగు నీటి మట్టానికి 1.8 మీటర్ల కింద ఉంటుంది. నడిపేది భార్యాభర్తలిద్దరే. ఒకరు తెరచాప సర్దుతుంటే రెండోవాళ్లు చుక్కాని పట్టుకోవాలి, లేదంటే ఆటోపైలట్‌కు అప్పగించాలి. తర్వాత తీసుకున్న చాలా నిర్ణయాలు ఈ ఒక్క సంగతి మీదే ఆధారపడ్డాయి.

ఫిర్యాదులు రెండు. గాలి దిక్కు చూపే ముల్లు ఉన్నట్టుండి గిర్రున తిరిగి ఎక్కడో ఆగిపోతుంది, వాన పడితే మరీ ఎక్కువ. లోతు తెర మీద అంకె ఉండాల్సిన చోట గీతలు వస్తున్నాయి. ఈ రెండో దాని గురించి ఆవిడ చెప్పిన మాట నాకు బాగా పనికొచ్చింది. "సీజన్ మొదట్లో బాగానే చూస్తుందండీ. రోజులు గడిచేకొద్దీ దానికి చూపు మందగిస్తుంది. మొదట ముప్ఫై మీటర్ల దాకా చూపేది, ఇప్పుడు ఎనిమిది దాటితే గీతలే."

తీగ చెడితే లోపం ఇలా నెలల తరబడి, కొంచెం కొంచెంగా పెరగదు. వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. ఇలా నిదానంగా మందగించేది వేరే రోగం. అయినా చూడకుండా తేల్చకూడదు కదా.

తప్పు తీగదేనా?

మాస్ట్ అడుగున ఫ్లోర్ పలక ఎత్తాను. మాస్ట్ లోపలి నుంచి జారే వాన నీరు అక్కడికే చేరుతుంది. గాలి పరికరం తీగకు జాయింట్ కూడా అక్కడే, మాస్ట్ దించేటప్పుడు విడదీయడానికి వీలుగా. కనెక్టర్ విప్పితే పిన్నుల నిండా పచ్చటి చిలుము. తీగ కొన కత్తిరించి తొడుగు ఒలిచాను. లోపలి రాగి ఎర్రగా లేదు, మసిలా నల్లబడి ఉంది. ఇంకో జానెడు కోసి ఒలిచాను. అక్కడా నలుపే. దీపపు వత్తిలోకి నూనె ఎక్కినట్టు, పోగుల మధ్య సందుల్లోంచి నీరు పైకి ఎక్కేసింది. టిన్ పూత లేని రాగి తీగను తడిలో పెడితే ఇలాగే అవుతుంది. ఇక దానికి అతుకులు వేసి ప్రయోజనం లేదు.

లోతు వైపు వోల్టేజీ సరిగ్గా ఉంది, జాయింట్లు శుభ్రంగా ఉన్నాయి, ట్రాన్స్‌డ్యూసర్ (నీటిలోకి శబ్దం పంపి, ప్రతిధ్వని విని లోతు చెప్పే సెన్సర్) తీగ మీద ఎక్కడా గాటు లేదు. అడుగుకు రంగు వేయడానికి పడవను ఒడ్డుకెక్కించే సమయం దగ్గర్లోనే ఉంది. ఎక్కించాక చూస్తే ట్రాన్స్‌డ్యూసర్ ముఖం మీద బొటనవేలి గోరంత గుల్లలు, వాటి కింద ఏళ్ల తరబడి వేసిన రంగు పొరలు. శబ్దం బయటికి వెళ్లాల్సింది, తిరిగి రావాల్సింది ఆ ముఖం గుండానే. పొర మందమయ్యేకొద్దీ ప్రతిధ్వని బలహీనపడుతుంది, ముందుగా లోతైన చోట్ల నుంచి రావడం మానేస్తుంది. ఆవిడ చెప్పిన "చూపు మందగించడం" అచ్చంగా ఇదే. పైగా ఆ ట్రాన్స్‌డ్యూసర్‌ను అడుగుకు శాశ్వతంగా బిగించారు. పడవ నీటిలో ఉండగా శుభ్రం చేసే దారే లేదు.

కాబట్టి గాలి విషయంలో తప్పు తీగదే. లోతు విషయంలో తీగ పాపం ఏమీ లేదు. రెండింటికీ కలిపి వైర్‌లెస్ పెట్టించి ఉంటే, కొత్త లోతు పరికరం కూడా ఆరు నెలల్లో అవే గీతలు చూపేది.

ఒక్కో సెన్సర్‌కు మూడు ప్రశ్నలు

వైర్‌లెస్ మంచిదా కాదా అని మొత్తంగా అడిగితే జవాబు దొరకదు. ఒక్కో సెన్సర్‌ను విడిగా తీసుకుని అడగాలి. అది ఉండే చోటికి తీగ లాగడం ఎంత కష్టం? దానికి కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? అది పది సెకన్లు మూగబోతే పడవకు ఏమవుతుంది?

గాలి సెన్సర్ 15 మీటర్ల ఎత్తున కూర్చుంటుంది. కొత్త తీగ లాగాలంటే పాత తీగకే తాడు కట్టి లాగాలి. కానీ ఈ పడవలో పాత తీగ మాస్ట్ లోపల ఎక్కడో ఇరుక్కుని కదలనంది. అంటే క్రేన్ తెచ్చి మాస్ట్ దించాలి. కరెంటు సంగతి చూస్తే, మాస్ట్ కొన అంత ఎండ తగిలే చోటు పడవ మొత్తం మీద ఇంకొకటి లేదు. అరచేయంత సోలార్ పలక, చిన్న బ్యాటరీ సరిపోతాయి. పది సెకన్లు మూగబోతే తల పైకెత్తి చూస్తాం, లేదా చెంపకు తగిలే గాలిని బట్టి తెలుసుకుంటాం. మూడు జవాబులూ వైర్‌లెస్ వైపే.

లోతు సెన్సర్ దగ్గర మూడూ తిరగబడతాయి. తీగ పొడవు నాలుగైదు మీటర్లు, పలకల కింద నుంచి అరగంటలో లాగొచ్చు. పడవ అడుగున ఎండ ఉండదు. ప్రతి సెకనూ శబ్దాన్ని నీటిలోకి పంపడానికి శక్తి కావాలి కాబట్టి ఎలాగూ పడవ బ్యాటరీ నుంచి తీగ వెళ్లాల్సిందే. కరెంటు తీగ వెళ్లాక సమాచారం కూడా అదే తొడుగులో వస్తుంది. పడవ పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ప్రామాణిక నెట్‌వర్క్ అయిన ఎన్‌ఎంఈఏ 2000 కేబుల్‌లో రెండూ కలిసే ఉంటాయి.

వైర్‌లెస్ లోతు అని అమ్మే సెట్లను కూడా యజమానికి విప్పి చూపించాను. వాటిలో చాలావాటికి అడుగున ఉండేది మామూలు ట్రాన్స్‌డ్యూసరే. దాని తీగ పైకి వచ్చి ఒక పెట్టెలోకి దూరుతుంది, ఆ పెట్టె మాత్రమే రేడియోలో తెరలతో మాట్లాడుతుంది. తెరచాప పడవల్లో ఈ పద్ధతికి బాట వేసింది బ్రిటన్‌లోని టాక్‌టిక్ కంపెనీ. 2011లో రేమరైన్ దాన్ని కొనేసింది, మైక్రోనెట్ అనే పేరుతో ఆ రేడియో వ్యవస్థ కొనసాగింది. బ్యాటరీయే లేని చిన్న పడవకు, ఎండతో నడిచే ఆ పెట్టె, ఎండతో నడిచే తెరలు ఎంతో మేలు చేస్తాయి. వాటిని నేను సంతోషంగా సిఫారసు చేస్తాను. 12 వోల్టుల బ్యాటరీ, ఆటోపైలట్, చార్ట్ ప్లాటర్ (చార్ట్‌ను, అంటే సముద్ర పటాన్ని చూపే తెర) ఉన్న ఈ పడవకు మాత్రం అది చుట్టుదారి.

ఇక మూడో ప్రశ్న, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. సిగ్నల్ ఆగిన క్షణంలో తెర ఏం చూపుతుంది? నేను ఎంచుకోబోయే మాస్ట్ యూనిట్‌ను రేకు డబ్బాలో పెట్టి గట్టిగా మూత వేశాను. తెర మీద పాత అంకె ఏమీ జరగనట్టే అలా నిలబడి ఉంది. గడియారం చూస్తూ లెక్కపెట్టాను. గీతలు వచ్చేసరికి పది సెకన్లు దాటింది. గాలి అంకెకు పది సెకన్ల పాతదనం పెద్ద నష్టం కాదు. లోతు విషయంలో లెక్క వేయండి. 5 నాట్ల వేగం అంటే సెకనుకు రెండున్నర మీటర్ల పైచిలుకు. పది సెకన్లలో పడవ 26 మీటర్లు ముందుకెళ్తుంది, అంటే తన పొడవుకు రెండున్నర రెట్లు. అంత దూరం వెనక ఉన్న లోతును చూస్తూ ఇసుక తిన్నె అంచున పడవ నడపమని నేను ఎవరికీ చెప్పను. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాక యజమాని ఇంకేమీ వాదించలేదు.

గాలి పరికరం ఎంపిక

సోలార్ మాస్ట్ యూనిట్లలో ముందు చూడాల్సింది రేడియో. కొన్ని 2.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. గార్మిన్ వాడే ఆంట్ అనే రేడియో పద్ధతి, కాలిప్సో వాడే తక్కువ శక్తి బ్లూటూత్ ఈ కోవలోవే. మైక్రోనెట్ 868 లేదా 916 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 12 సెంటీమీటర్ల చిల్లర, 868ది 34 పైన. పొడవైన తరంగం అడ్డంకుల పక్క నుంచి కాస్త సులువుగా వంగుతుంది. పొట్టిది తడిసిన తెరచాపలో, మనిషి ఒంట్లో, నీటి డబ్బాల్లో తేలిగ్గా ఇంకిపోతుంది. అలాగని 2.4 పనికిరాదని కాదు, రిసీవర్ పెట్టే చోటు మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలంతే. ఒక కంపెనీ మాస్ట్ యూనిట్ ఇంకో కంపెనీ రిసీవర్‌తో మామూలుగా మాట్లాడదు, కాబట్టి ఆ జంటను కలిపే కొనాలి. రిసీవర్ నుంచి ఇవతలికి మాత్రం ఎన్‌ఎంఈఏ 2000 ఉండి తీరాలని పట్టుబట్టాను. రేపు తెరలు మార్చుకున్నా గాలి పరికరం మిగలాలి.

రెండోది, తిరిగే కప్పులా, అల్ట్రాసోనిక్‌దా అన్నది. అల్ట్రాసోనిక్‌లో కదిలే భాగం ఉండదు. ఎదురెదురుగా శబ్దం పంపి, అది చేరడానికి పట్టిన సమయంలో తేడాను బట్టి గాలిని లెక్కిస్తుంది. బేరింగ్ అరగదు, చాలా నెమ్మదిగా వీచే గాలిలోనూ స్పందిస్తుంది. నిజానికి యజమాని మనసు దాని మీదే ఉంది. నేను కప్పులు, గాలివాటం చూపే రెక్క ఉన్నదాన్నే సూచించాను. కారణం చాలా మామూలుది. తెర ఆగిపోయినా, తల ఎత్తితే రెక్క కనబడుతుంది. ఇద్దరే నడిపే పడవలో ఇది చిన్న విషయం కాదు. కప్పులు విరిగితే ఒక చిన్న మర విప్పి కొత్తవి పెట్టుకోవచ్చు. బ్యాటరీ కూడా విప్పి మార్చగలిగే మోడల్‌నే ఎంచాను. బ్యాటరీని లోపల పెట్టి సీల్ వేసేసిన యూనిట్లు కొన్ని ఉన్నాయి. బ్యాటరీ ముసలిదైన రోజున వాటిని మొత్తంగా పారేయాల్సిందే.

పిడుగు గురించి ఒక మాట. వైర్‌లెస్ యూనిట్ పిడుగును ఆపదు. కానీ మాస్ట్ కొన నుంచి నేరుగా పరికరాల నెట్‌వర్క్‌లోకి దిగే రాగి దారి ఒకటి తగ్గుతుంది. మాటల రేడియో (వీహెచ్‌ఎఫ్) యాంటెన్నా తీగ ఎలాగూ ఉంటుంది కాబట్టి దీన్ని పెద్ద లాభంగా నేను ఎవరికీ చెప్పను.

రిసీవర్ ఎక్కడ పెట్టాలి

మర బిగించే ముందు నేను తప్పకుండా చేసే పరీక్ష ఒకటుంది. మాస్ట్ యూనిట్‌ను మెత్తటి గుడ్డలో చుట్టి, కప్పులు తగలకుండా ఒక కర్రకు కట్టి, హాలియార్డ్‌తో (తెరచాపను పైకి లాగే తాడుతో) మాస్ట్ కొన దాకా లాగుతాను. రిసీవర్‌కు పొడవాటి కేబుల్ తగిలించి పడవంతా తిప్పుతాను. ప్రతి చోటా పది నిమిషాలు ఆగి, తెర మీద అంకె ఎన్నిసార్లు నిలిచిపోయిందో రాసుకుంటాను.

ఈ పడవలో రిసీవర్‌ను మాస్ట్ పాదం దగ్గర, చార్ట్ టేబుల్ వెనక పెట్టాలని యజమాని అనుకున్నారు. తీగలన్నీ అక్కడే ఉన్నాయి, చూడ్డానికి అందరికీ అదే సహజంగా అనిపిస్తుంది. అక్కడ పది నిమిషాల్లో ఏడుసార్లు అంకె ఆగింది. కాక్‌పిట్ (చుక్కాని పట్టుకుని కూర్చునే చోటు) వెనక గోడ లోపల, దాదాపు డెక్ ఎత్తున పెడితే ఒక్కసారీ ఆగలేదు. దూరం ఎక్కువైనా సిగ్నల్ ఎందుకు బాగుందని ఆయన ఆశ్చర్యపోయారు. నిలువుగా నిలబెట్టిన యాంటెన్నా తన చుట్టూ గారె ఆకారంలో సిగ్నల్ విసురుతుంది. తన నెత్తి మీదకు, తన కాళ్ల కిందకు చాలా తక్కువ పంపుతుంది. మాస్ట్ పాదం సరిగ్గా ఆ కాళ్ల కిందే ఉంది. పైగా అల్యూమినియం మాస్ట్ కూడా అడ్డు.

ఆ పరీక్ష బాగానే చేశాను, పొరపాటు తర్వాత జరిగింది. నేను రిసీవర్ బిగించిన గోడకు అవతల సామాను పెట్టుకునే అర ఉంది. పరీక్ష చేసిన రోజు అది ఖాళీగా ఉంది. నెలన్నర తర్వాత ఫోన్ వచ్చింది, గాలి అంకె మళ్లీ ఆగుతోందని. వెళ్లి చూస్తే తడిసిన తెరచాప ఒకటి మడిచి ఆ అరలో కుక్కి ఉంది, సరిగ్గా రిసీవర్‌కు ఆనుకుని. దాని పక్కనే రెండు నీటి డబ్బాలు. 2.4 గిగాహెర్ట్జ్‌కు అది గోడ కట్టినట్టే. తెరచాప బయటికి తీయగానే అంకె కదిలింది. రిసీవర్‌ను రెండు అడుగులు పైకి, సామాను ఆనని చోటికి మార్చాను. అప్పటి నుంచి అరలన్నీ నింపి, వాళ్లు ప్రయాణానికి ఎలా బయలుదేరతారో అలా పడవను సర్దాకే నేను ఈ పరీక్ష చేస్తున్నాను.

లోతుకు, వేగానికి

ఈ పడవలో పాత అమరిక ప్రకారం లోతుకు ఒక రంధ్రం, వేగం చక్రానికి (పడవ కదిలితే నీటి తాకిడికి తిరిగి వేగం చెప్పేది) ఒక రంధ్రం. చక్రం కూడా నాచు పట్టి బిగుసుకుపోయి ఉంది. దాని 51 మిల్లీమీటర్ల రంధ్రంలోనే లోతు, వేగం, నీటి ఉష్ణోగ్రత మూడూ చూసే సెన్సర్ పెట్టాం, ఎయిర్‌మార్ డీఎస్‌టీ810. ఇది 235 కిలోహెర్ట్జ్‌లో పనిచేస్తుంది, నేరుగా ఎన్‌ఎంఈఏ 2000లో మాట్లాడుతుంది. పడవ ఎంత ఒరిగిందో చెప్పే సెన్సర్ కూడా అందులోనే ఉంది. నేను దీన్ని ఎంచడానికి అసలు కారణం వేరే. లోతు చూసే ముఖంతో సహా మొత్తం గొట్టాన్ని లోపలి నుంచి పైకి లాగేయొచ్చు. పడవ నీటిలో ఉండగానే గుల్లలు గీకొచ్చు. ఆవిడ చెప్పిన రోగానికి మందు అది.

లాగేటప్పుడు నీరు వస్తుంది. లోపల ఒక రెక్క తలుపు ఉంటుంది, అది ధారను తగ్గిస్తుంది గానీ పూర్తిగా ఆపదు. ఇద్దరి చేతా మూడుసార్లు సాధన చేయించాను. ఖాళీ ప్లగ్ (గొట్టం తీసిన రంధ్రాన్ని మూసే మూత) ఎడమ చేతిలో సిద్ధంగా, రెండు చోట్లా గ్రీజు రాసి, కుడి చేత్తో గొట్టం లాగి, ఊపిరి బిగబట్టినంత సేపట్లో ప్లగ్ దింపేయాలి. మొదటిసారి రెండు చెంబుల నీరు లోపలికి వచ్చింది. మూడోసారి గ్లాసెడు. ఆ ముఖానికి నీటి ఆధారిత యాంటీఫౌలింగ్ రంగే (నాచు, గుల్లలు పట్టకుండా వేసేది) వేయాలని కూడా చెప్పాను. కీటోన్ ద్రావకాలున్న రంగులు ప్లాస్టిక్‌ను తినేస్తాయి.

రంధ్రం చేయకుండా ఫైబర్‌గ్లాస్ లోపలి నుంచే శబ్దం పంపే పద్ధతీ ఉంది. పొర మొత్తం గట్టి ఫైబర్‌గ్లాస్ అయి, మధ్యలో గాలి బుడగలు లేకపోతే అది బాగా పనిచేస్తుంది. లోపల నురుగు గానీ, బాల్సా చెక్క గానీ ఉన్న పడవ అడుగుభాగాల్లో పనిచేయదు. ఇక్కడ రంధ్రం ముందే ఉంది కాబట్టి ఆ చర్చ అవసరం రాలేదు.

లోతును ఎక్కడి నుంచి కొలవాలన్నది ఇద్దరి మధ్యా చిన్న వాదన అయింది. కీల్ కింద ఎంత నీరుందో చూపాలని ఆయన. చార్ట్ మీది లోతుకు ఆటుపోట్ల లెక్క కలిపి పోల్చుకోవాలంటే నీటి మట్టం నుంచే చూపాలని ఆవిడ. సెన్సర్ నీటి మట్టానికి 0.5 మీటర్ల కింద ఉంది. ఆవిడ పద్ధతికి ఆఫ్‌సెట్ (సెన్సర్ కొలతకు కలిపే సవరణ అంకె) +0.5, ఆయన పద్ధతికి −1.3. నేను ఆవిడ వైపు మొగ్గాను. దారి చూసుకుంటూ చార్ట్ పోల్చేది ఎక్కువగా ఆవిడే. ఏది పెట్టుకున్నా ఇద్దరికీ తెలిసి ఉండటమే ముఖ్యం. తెర పక్కనే టేపు మీద "నీటి మట్టం నుంచి, కీల్ 1.8" అని రాసి అంటించాం. అలారం 3 మీటర్లకు పెట్టాం.

తర్వాత తాడుతో సరిచూశాం. మీటరు మీటరుకు గుర్తు కట్టిన తాడు, చివర సీసపు గుండు. మెత్తటి బురదలో గుండు దిగబడితే తాడు ఉన్నదానికంటే ఎక్కువ చూపుతుంది కాబట్టి, గుండు కింద అరచేయంత పళ్లెం బిగించాను. సెన్సర్‌కు ఎదురుగా పడవ పక్క నుంచి దింపాం. నీటిలో శబ్దం సెకనుకు దాదాపు 1500 మీటర్లు వెళ్తుంది. సెన్సర్ కింద 10 మీటర్లుంటే, వెళ్లి రావడానికి 13 మిల్లీసెకన్లు. ఆ లెక్క అంతా చేసి తెర 4.2 అంది. తడి తాడు మీద గుర్తు కూడా 4.2 దగ్గరే ఉంది.

అసలు గాలి, లెక్కించిన గాలి

మాస్ట్ కొన కొలిచేది పడవ కదలికతో కలిసిన గాలిని, అంటే కనబడే గాలిని. అసలు గాలి ఎంతో తెలియాలంటే అందులోంచి పడవ వేగాన్ని తీసేయాలి. గాలి పరికరం ఎంత మంచిదైనా, వేగం చక్రం తప్పు చెబితే అసలు గాలి తప్పే వస్తుంది. గాలి పరికరాన్ని తిట్టుకునేవాళ్లలో చాలామందికి నిజానికి చెడింది చక్రం.

ఒక ఉదాహరణ. కనబడే గాలి 16 నాట్లు, కోణం 35 డిగ్రీలు, పడవ వేగం 6 నాట్లు. లెక్క వేస్తే అసలు గాలి 11.6 నాట్లు, కోణం 52 డిగ్రీలు. అదే క్షణంలో నాచు పట్టిన చక్రం 4 నాట్లే చెబితే అసలు గాలి 12.9 నాట్లు, కోణం 45 డిగ్రీలు అని వస్తుంది. చక్రం పూర్తిగా ఆగిపోతే 16 నాట్లు, 35 డిగ్రీలే అసలు గాలి అని తెర గట్టిగా చెబుతుంది. తెరచాప ఎప్పుడు కుదించాలో ఈ అంకె చూసి నిర్ణయించే జంటకు ఇది మామూలు తేడా కాదు. చక్రం లేనప్పుడు జీపీఎస్ వేగం వాడొచ్చు. అప్పుడు వచ్చేది నేలతో పోల్చిన గాలి. ప్రవాహం ఉన్నచోట తెరచాపకు తగిలే లెక్క వేరుగా ఉంటుంది.

అందుకే ముందు చక్రాన్ని సరిచేశాం. ఒకే ఇంజిన్ వేగంతో ప్రవాహానికి ఎదురుగా ఒకసారి, ప్రవాహంతో పాటే ఒకసారి వెళ్లాం. జీపీఎస్ 4.2, 5.8 అంది, సగటు 5. చక్రం సగటు 4.6. దాదాపు 9 శాతం పెంచాం. ఆ తర్వాతే గాలి కోణం. గాలి లేని ఉదయం ఇంజిన్ మీద నేరుగా వెళ్తే కనబడే గాలి సున్నా కోణంలో రావాలి. తర్వాత తెరచాపలతో రెండు ట్యాకుల మీదా, అంటే గాలి ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి కుడి నుంచి తగిలేలా, ఒకే బిగువుతో నడిపి చూశాం. ఒకవైపు 33, రెండోవైపు 37 డిగ్రీలు వచ్చింది. తేడాలో సగం, 2 డిగ్రీలు, ఆఫ్‌సెట్‌గా ఇచ్చాం. మాస్ట్ ఎక్కి యూనిట్‌ను తిప్పే పని లేకుండా తెర మీదే సరిపోయింది.

ఆటోపైలట్ సంగతి

ఎన్‌ఎంఈఏ 2000లో గాలి సందేశం (దాని సంఖ్య పీజీఎన్ 130306) మామూలుగా సెకనుకు పదిసార్లు రావాలి. బ్యాటరీ పొదుపు కోసం వైర్‌లెస్ మాస్ట్ యూనిట్లు చాలావరకు అంతకంటే నిదానంగా మాట్లాడతాయి. మనిషి కంటికి ఆ తేడా తెలియదు. గాలి కోణాన్ని పట్టుకుని చుక్కాని తిప్పే ఆటోపైలట్‌కు తెలుస్తుంది. గాలికి ఎదురుగా వెళ్లేటప్పుడు కొంచెం ఆలస్యమైనా పడవ కాస్త ఊగిసలాడుతుంది, అంతే. గాలి వెనక నుంచి కొడుతున్నప్పుడు అదే ఆలస్యానికి సిగ్నల్ ఆగిపోవడం తోడైతే, అనుకోకుండా జైబ్ అయి (వెనక గాలి తెరచాపకు అవతలి వైపు నుంచి తగిలి), బూమ్ (తెరచాప అడుగున ఉండే అడ్డ కర్ర) ఈ పక్క నుంచి ఆ పక్కకు విసురుగా వస్తుంది. ఆ దారిలో తల ఉంటే ఇక చెప్పేదేముంది.

అందుకని గాలి ముందు నుంచి ఉన్నప్పుడు ఆటోపైలట్ గాలి కోణం మీద, వెనక నుంచి ఉన్నప్పుడు దిక్సూచి మీద నడవాలని ఖాయం చేసుకున్నాం. వైర్‌లెస్ గాలికి ఈ పడవ చెల్లించిన వెల ఇదే. ఆ వెల ఇద్దరూ తెలిసే ఒప్పుకున్నారు.

నెట్‌వర్క్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. రెండు కొనలా 120 ఓమ్‌ల టెర్మినేటర్లు (కేబుల్ చివర్న పెట్టే నిరోధకాలు), కరెంటు ఆపి కొలిస్తే 60 ఓమ్‌లు రావాలి, వచ్చింది. విడిగా ఒక ఫ్యూజ్.

ఏడాది తర్వాత

సీజన్ మొత్తంలో సెన్సర్ గొట్టాన్ని నాలుగుసార్లు లాగి శుభ్రం చేశారట. సీజన్ చివర్లో కూడా 30 మీటర్లు దాటి లోతు చూపింది. రిసీవర్ మార్చాక గాలి అంకె ఆగలేదు. వరసగా మబ్బు పట్టిన వారాల్లో మాస్ట్ యూనిట్ బ్యాటరీ మట్టం తగ్గింది కానీ పూర్తిగా పడిపోలేదు. పడవ వాడని నెలల్లో యూనిట్‌ను దింపి ఇంట్లో కిటికీ పక్కన పెట్టమన్నాను. పక్షులు వాలకుండా ఉంటాయి, కప్పులు ఊరికే తిరిగి అరగకుండా ఉంటాయి.

ఇదే పని వేరే పడవ మీదైతే నా జవాబు మారేది. మాస్ట్ ఎలాగూ దించి ఉండి, లోపల తీగ గొట్టం ఖాళీగా ఉంటే టిన్ పూత ఉన్న కొత్త తీగే వేసేవాణ్ణి. పందేలకు వెళ్లే పడవకు, గాలి కోణం మీద రాత్రంతా ఆటోపైలట్‌ను నమ్ముకుని దూర ప్రయాణం చేసే పడవకు కూడా తీగే. ఉక్కు పడవ అయితే, గాలికి వైర్‌లెస్ పెట్టినా రిసీవర్‌ను లోపల పెట్టను, డెక్ పైన పెడతాను. కార్బన్ మాస్ట్ కూడా రేడియోకు అడ్డే కాబట్టి, హాలియార్డ్ పరీక్ష చేయకుండా ఆ పడవలకు ఏదీ కొనమని చెప్పను.

మొన్న రంగు వేసి పడవను మళ్లీ నీటిలోకి దింపిన రోజు ఆవిడ ఫోన్ చేశారు. సీసపు గుండు తాడు దింపి చూశారట. "తాడు 3.6 అంటోందండీ, తెర 3.7 అంటోంది. పర్లేదా?" అడుగున మెత్తగా ఉందా, గట్టిగా ఉందా అని అడిగాను. పైకి లాగిన పళ్లెం మీద ఇసుక అంటుకుందన్నారు. నీరూ, సామానూ ఎక్కించారా అంటే ఇంకా లేదన్నారు. ఖాళీ పడవ నీటిలో కాస్త పైకి తేలుతుంది, సెన్సర్ కూడా దాంతో పాటే పైకి వస్తుంది, ఆఫ్‌సెట్ మాత్రం పాత 0.5 మీదే ఉంటుంది. ట్యాంకులు నింపాక ఇంకోసారి దింపి చూడమని చెప్పాను.